ఇరవై అయిదు నిమిషాల రిపేరు

మా పిన్ని కుట్టుమిషన్లు బాగుచేస్తుంది. ఇంట్లో ముందుగదే ఆమె కొట్టు. పిన్ని కూతురు, అంటే మా చెల్లి, ఫెన్సింగ్ అనే కత్తుల ఆట నేర్పే క్లబ్బులో చేరాక కత్తులు కూడా ఆ బల్ల మీదికే వచ్చాయి. మొదటిసారి కత్తి మొన విప్పి చూసి, "ఓస్, ఇంతేనా! ఒక స్ప్రింగు, రెండు స్క్రూలు. దీనికా మీ కోచ్ అంత బిల్డప్పు ఇచ్చింది?" అంది. అప్పట్నుంచి, మూడేళ్లుగా, ఇంట్లోనూ క్లబ్బుకి వెళ్లీ ఆ పిల్లల కత్తులన్నీ ఆమే చూస్తోంది. తెలియని పనికి పిన్ని జంకగా నేనెన్నడూ చూడలేదు. నేను తెలిసిన పాఠాలకే జంకి కాలేజీ మధ్యలో వదిలేసినవాణ్ణి.

ఈ ఏడు చెల్లికి మొదటి ప్రాంతీయ పోటీలు. పొద్దున్నే ముగ్గురం కొట్టు వ్యానులో బయల్దేరాం. డ్రైవింగ్ నాది. తొమ్మిదింటికి కత్తుల తనిఖీ ముగిసిపోతుంది. ఆలోగా ప్రతి పిల్లా రెండు కత్తులు పాస్ చేయించుకోవాలి. ఒక్కటే పాసైతే ఆడనివ్వరు.

ఏడున్నరకి టీ కోసం ఆగాం. ఇంకా గంట దారి ఉంది. చెల్లి ఊరుకోక కత్తుల్ని మళ్లీ పరీక్షించింది. కత్తిని నిలబెట్టి మొన మీద ముప్పావు కిలో బరువు పెడితే, లోపలి స్ప్రింగు దాన్ని పైకి నెట్టాలి. ఒక కత్తి నెట్టింది. రెండోది నెట్టలేదు.

"అమ్మా, ఇది లేవట్లేదే!"

"స్ప్రింగు అలిసిపోయింది. కొత్తది వెయ్యి," అంది పిన్ని టీ ఊదుకుంటూ.

"నేనా?"

"నువ్వు చేసెయ్ పిన్నీ, రెండు నిమిషాల పని," అన్నాను.

"నేను చేస్తే రెండు నిమిషాలే. ఆట మధ్యలో మొన చచ్చిందనుకో, ఆటస్థలం చుట్టూ కట్టిన తాడు దాటి నన్ను రానిస్తారా? తప్పు నాదేలే. ఇంట్లో అన్నీ నేనే చేసిపెట్టా. కూర్చోవే."

"చేతులు వణుకుతున్నాయమ్మా!"

"వణకనీ. అక్కడా వణుకుతాయి."

చెల్లి వ్యాను మెట్టు మీద కూర్చుని మొన విప్పింది. స్క్రూ ఆవగింజంత ఉంటుంది. మొదటిదే ఎగిరి కింద పరిచిన పట్టా మీద ఎక్కడో పడింది.

"ఒరేయ్, కాలు కదిపావో చంపేస్తా," అంది పిన్ని. ఒంటికాలి మీద కొంగలా నిలబడ్డాను. సూదులు ఏరే అయస్కాంతాన్ని చెల్లి చేతిలో పెట్టి, పిన్ని రెండో టీ చెప్పింది. పిల్ల ఏడుస్తూనే వెతికింది, ఏడుస్తూనే బిగించింది. సరిగ్గా కూర్చోలేదని మళ్లీ విప్పి బిగించింది. మొత్తం ఇరవై అయిదు నిమిషాలు. పిన్ని వేలు కూడా పెట్టలేదు. నాకు మాత్రం ఆమె నెత్తిన మొట్టాలనిపించింది.

తొమ్మిదికి అయిదు నిమిషాలుండగా హాల్లోకి పరిగెత్తాం. పిన్నీ నేనూ తాడు ఇవతలే ఆగిపోయాం. మొదటి కత్తి పాసయింది. రెండోదాని మీద తనిఖీ ఆయన బరువు పెట్టాడు. మొన దిగింది. అక్కడే ఉండిపోయిందనుకున్నాను. టక్కున లేచింది. ఆయన ఇంకోసారి పెట్టాడు. మళ్లీ లేచింది.

"ఎవరు బిగించారమ్మా?" అని ముద్ర వేస్తూ అడిగాడు.

"నేనే సార్."

పిన్ని పనిముట్ల సంచీని తాడు మీదుగా చెల్లికి అందించింది. "ఇది నీ దగ్గరే ఉంచుకో. నేను పైకెళ్లి కూర్చుంటా."

పైన గ్యాలరీ కుర్చీలో కుదురుగా కూర్చున్నాక నా చెవిలో అడిగింది. "ఒరేయ్, ఇంతకీ పాయింటు ఎలా వస్తుందిరా?"

"మూడేళ్లుగా క్లబ్బులోనే ఉన్నావు, నీకు తెలీదా?"

"ఎప్పుడు చూశానురా? తల వంచుకుని స్క్రూలు బిగించడంతోనే సరిపోయింది."

"కత్తి తగిలితే లైటు వెలుగుతుంది. లైటు చూస్తూ ఉండు."

"లైటు సంగతి నాకు తెలుసులే," అంది పిన్ని ముందుకు వంగి. "నేను పిల్లని చూస్తా."