ఆగిపోయిన నెలసరి

మా చిన్న కూతురు పోలీసు ఉద్యోగం కోసం డోన్‌లో రైలు కట్ట పక్కన రోజూ పరుగెత్తేది. ఒళ్ళు తేలికగా ఉండాలని సంగటి సగం ముద్దే తినేది. కొన్నాళ్ళకు దానికి నెలసరి ఆగిపోయింది.

"పరుగు పేరు చెప్పి యాడ తిరుగుతాండావే?" అని మా అత్త దెప్పింది. మరునాడే పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసింది. "పరుగు ఎక్కువ, తిండి తక్కువ. అందుకే హార్మోన్లు పడిపోయినాయి. ఇట్లే ఉంటే ఎముకలు గుల్లబారతాయి. కొన్నాళ్ళు పరుగు మానిపించు తల్లీ" అంది.

"వచ్చే నెలే రన్నింగు పరీక్ష ఉండాది మేడం" అంది పిల్ల.

ఇంటికొచ్చి బూట్లు తొడుక్కుంటుంటే, "వద్దమ్మా" అన్నాను.

"ఉద్యోగం రానీ మా, అప్పుడు తింటాలే."

ఆ ఏడు వాన లేక శనగ ఎండిపోయింది. ఇంటిల్లిపాదీ దాని ఉద్యోగం మీదే ఆశ పెట్టుకున్నాం. రెండోసారి వద్దనడానికి నాకు నోరు రాలేదు.