బస్సులో పన్నెండు పుస్తకాలు

2022 జూలై 20, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నేను ఆ పిల్ల పేరు కొట్టేశాను.

జడ్చర్ల దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో, రిటైరయ్యాక కూడా, చదవడం రాని తొమ్మిదో తరగతి పిల్లలను సోమ, బుధ, శుక్రవారాలు అరగంట చొప్పున కూర్చోబెట్టి చదివించేదాన్ని. బడులు మూతపడ్డ కాలంలో అక్షరాలు మరిచినవాళ్లు పద్నాలుగు మంది. మరుసటి ఏడు పదో తరగతి. పరీక్షలో ప్రశ్నపత్రం ఎవరిది వాళ్లే చదువుకోవాలి. నేనొక నియమం పెట్టాను. కథల పుస్తకం ఇంటికి తీసుకుపోవాలి, తెచ్చిచ్చేటప్పుడు కథ చెప్పాలి. సరిగ్గా చెప్పినవాళ్లకు నా నోటుబుక్కులో టిక్కు పడుతుంది, ఆ అరగంట తప్పుతుంది.

పరుపులు కుట్టేవాళ్ల పిల్ల ఒకతి మొదటి పుస్తకాన్నే పది నిమిషాలు చెప్పింది. రాజుకొక గొంతు, ముసలమ్మకొక గొంతు. పుస్తకం తెరిచి సరిచూశాను. ఒక్క సంగతీ వదల్లేదు. అందుకే ఆ అరగంట జాబితాలోంచి పేరు కొట్టేశాను. ఆ తరువాత కూడా ఆమె పుస్తకాలు అడిగి తీసుకుపోయేది. జనవరికి పన్నెండు టిక్కులయ్యాయి.

జనవరి 25 సాయంత్రం చెల్లెలి ఊరికి పోవాల్సి వచ్చి ఆ పిల్ల పోయే బస్సే ఎక్కాను. నేను వెనుక సీట్లో. ఆమె నన్ను చూడలేదు. పక్కనున్న ముసలాయన చేతిలో నా పుస్తకం పెట్టింది.

"తాతా, జర చదువు. బస్సుల చదివితె నాకు కండ్లు తిరుగుతయి."

"నిన్న యాడ ఆపినం? గుర్రం బాయిల పడ్డకాడనా?" అని ఆయన అద్దాలు సవరించుకున్నాడు.

"జర మెల్లగ చదువయ్య, నా స్టేజీ వచ్చేలోపు గుర్రం బయటికి రావాలె," అంది ఉల్లిగడ్డల గంపతో ఉన్న ఒకామె.

"దిగేటోళ్లు దిగుండ్రి. గుర్రం కోసం బస్సు ఆగది," అన్నాడు కండక్టర్. ఆయనా నిలబడి వింటూనే ఉన్నాడు.

శుక్రవారం ఆ పిల్లను పిలిచి పుస్తకం ముందు పెట్టాను. మొదటి పంక్తిలో రెండో మాట దగ్గర ఆగిపోయింది.

"మరి నాకు అబద్ధం ఎందుకు చెప్పినవు?"

"అబద్ధమేంది టీచర్? కథ చెప్పమన్నరు, చెప్పిన. నువ్వే చదివినవా అని అడగలే గద."

నిజమే, నేను అడగలేదు. ఎర్ర పెన్సిలు తీశాను, మళ్లీ పెట్టేశాను. పన్నెండు కథలూ ఆమెకు కంఠతా వచ్చు. చదివినట్టు రాయాలా, చదవనట్టు రాయాలా? నోటుబుక్కులో ఆ గడికి ఏ గుర్తు పెట్టాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

సోమవారం నుంచి మళ్లీ కూర్చోబెట్టాను. ఏప్రిల్‌లో బడి చివరి రోజున ఒక పేజీ కథ తనంతట తానే చదివింది. వేలు పెట్టుకుని, పంతొమ్మిది నిమిషాలు. కథ చెప్పమన్నాను.

"మేక తప్పిపోయింది. దొరికింది. గంతే టీచర్."

"మిగతాది?"

"అక్షరాలు చూస్తుంటె కథ పోతాంది టీచర్."

టిక్కు పెట్టాను. అది పదమూడోది అవుతుందా, మొదటిది అవుతుందా అన్నది తేల్చుకోలేక అంకె వేయలేదు.

జూలై నుంచి జనవరి దాకా, సెలవులు పోను ఇరవై నాలుగు వారాలు, వారానికి మూడు తరగతులు. నేను పేరు కొట్టేసినందుకు ఆ పిల్లకు పోయినవి డెబ్బై రెండు తరగతులు, అంటే ముప్పై ఆరు గంటలు. పుస్తకాలు ఒక్కటీ పోలేదు. జనవరి తరువాత ఆమె బస్సులో ఎవరి చేతికీ పుస్తకం ఇవ్వలేదట. ఆ బస్సువాళ్లకు ఎన్ని కథలు పోయాయో నా దగ్గర లెక్క లేదు.