దేవుడికి దారి చెప్పే జీవరత్నమ్మ

దేవుడికి దారి చెప్పకుండా జీవరత్నమ్మ ప్రార్థన ముగించేది కాదు. రోజూ దీపాలు పెట్టే వేళకి ఏక్‌బాల్‌పూర్ సందులో తన కిటికీ బార్లా తెరిచి, రెండు చేతులా ఊచలు పట్టుకుని, కళ్ళు మూసుకుని గొంతెత్తేది.

“ప్రభువా, ఖిదిర్‌పూర్‌లో ట్రామ్ దిగి బొగ్గుల కొట్టు పక్క సందులోకి తిరుగు. ముందొచ్చే సందు కాదు తండ్రీ, అది మురుక్కాలవలోకి పోతాది. జగ్గమ్మ మేక కట్టేసుంటాది సూడు, దానికెదురిల్లు. ఆ ఇంట్లో దాలమ్మకి మోకాలు వాచిపోయింది. లేవలేకపోతంది. ఆమేన్.”

అక్కడితో అయ్యేదా? అదే దారిని బెంగాలీలో ఒకసారి, హిందీలో ఒకసారి చెప్పేది.

పాస్టరు గారు ఉండబట్టలేక ఒకనాడు అడిగేశారు. “అమ్మా, దేవుడు సర్వవ్యాపి కదా. ఆయనకి మేకని గుర్తు చెప్పాలా?”

“సర్వవ్యాపేనయ్యగారూ. గాని మన సందులో ఇళ్ళకి నంబర్లు లేవు కదా!”

“పోనీ, ఒక్క భాషలో చెబితే చాలదా?”

“ఒక బాసలో సెవిన పడకపోతే ఇంకోదాంట్లో పడతాది.”

ప్రార్థన మధ్యలో ఎర్రజెండాల ఊరేగింపు నినాదాలు చేసుకుంటూ వెళ్ళిందనుకోండి, ఆవిడ ఠక్కున ఆగిపోయేది. కళ్ళు తెరిచేది కాదు, కిటికీ వదిలేది కాదు. ఆఖరి “జిందాబాద్” దూరమయ్యాక, “ఎక్కడున్నాను తండ్రీ? ఆఁ, మేక కాడ,” అని మళ్ళీ అందుకునేది.

ఎదురు వరసలో ఉండే ప్రేమానందం ఇది విని కడుపుబ్బ నవ్వేవాడు. ఓడరేవు డాక్‌లో సరుకులెత్తే క్రేన్ నడిపేవాడతను. ఆ నవ్వు ఒక వానాకాలంలో ఆగిపోయింది.

ఆ ఉదయం అతను క్రేన్ నిచ్చెన సగం ఎక్కేసరికి గుండె దడదడలాడింది. చెమటలు పట్టాయి. కాళ్ళు పైకీ రావు, కిందికీ రావు. తాడు తెగిందా, మెట్టు జారిందా అంటే అదేమీ లేదు. తోటివాళ్ళు ఎక్కి దింపుకొచ్చారు. డాక్టరు పరీక్ష చేసి, ఏ జబ్బూ లేదు, గుండె గుర్రంలా గట్టిగా ఉందన్నాడు. ఆ గుర్రం మర్నాడు కూడా అదే మెట్టు దగ్గర మొండికేసింది. తర్వాత భయం ఇంటిదాకా వచ్చింది. కుక్కర్ కూత పెడితే ప్రేమానందం గోడకి అతుక్కుపోయేవాడు.

“దసరా పూజా సెలవుల్లోపు ఎక్కకపోతే క్రేన్ ఇంకొకరికి ఇవ్వక తప్పదు దాదా,” అన్నాడు ఫోర్‌మన్.

భార్య విజయ కుమారి వెళ్ళి జీవరత్నమ్మకి చెప్పేసింది.

“ఆవిడకా సెప్పావు!” ప్రేమానందం నెత్తి పట్టుకున్నాడు. “సాయంత్రానికి నా బయం మూడు బాసల్లో ఊరంతా తిరుగుతాది!”

ఆ సాయంత్రం తలుపు వెనక నక్కి చెవి ఒగ్గాడు. దాలమ్మ మోకాలే మళ్ళీ వచ్చింది. తన పేరు రాలేదు.

తెల్లారేసరికి తలుపు తట్టిన చప్పుడు. చంకలో బైబిలుతో జీవరత్నమ్మ.

“లే. ముకం కడుక్కో.”

“ఒంట్లో బాగోలేదు పిన్నమ్మా.”

“తెలుసు. బాగుంటే నానెందుకొచ్చీదాన్ని?”

ఒక కీర్తన చదివించింది. అతను గబగబా చదివేస్తే, “ట్రామ్ పోతందేటి?” అని మళ్ళీ నెమ్మదిగా చదివించింది. ఆ తర్వాత ప్రార్థన చెయ్యమంది.

“ప్రభువా, బయంగా ఉంది, ఆమేన్.”

“అదేటి? ఎక్కడ బయం?”

“గుండెలో.”

“గుండె ఎక్కడుండగా?”

“నిచ్చెన మీద.”

“నిచ్చెన మీద ఎక్కడ?”

ప్రేమానందానికి ఒళ్ళు మండింది. “మజ్జిలో! రంగు పోయిన మెట్టు కాడ! సాలా?”

“సాలు. మరదే సెప్పు. ఆ మెట్టు కాడికి రమ్మను.”

“నాను నీలాగ దేవుడికి దారి సెప్పాలేటి?”

“నీ క్రేన్ దారి నాకేటి తెలుసు? నువ్వే సెప్పాలి.”

విజయ కుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రేమానందం కళ్ళు మూసుకుని, డాక్ గేటు నుంచి మొదలుపెట్టి, గోదాములు దాటించి, దేవుణ్ణి నిచ్చెన మొదటిదాకా తీసుకొచ్చి ఆగిపోయాడు. ఆ రోజు డాక్‌లో తనూ అక్కడే ఆగిపోయాడు.

మర్నాడు జీవరత్నమ్మ మళ్ళీ వచ్చింది. “నిచ్చెన కింద ఒగ్గీసి ఒచ్చావు ఆయన్ని. ఇవాళ పైకి తీసుకెళ్దాం, రా.”

వానలో వచ్చింది. బంద్ రోజున వచ్చింది. “ఇంక నా వల్ల కాదు పిన్నమ్మా” అన్న రోజున మామూలు కన్నా ముందే వచ్చింది. ఆవిడ రోజూ రావడం మానలేదు, అతను రోజూ ఆ నిచ్చెన దగ్గరికి వెళ్ళడం మానలేదు. కొన్నాళ్ళకి ఆవిడ వచ్చేసరికే అతను మొహం కడుక్కుని, కీర్తన తీసి కూర్చునేవాడు.

పూజా సెలవులు దగ్గరపడ్డాయి. ఒక ఉదయం రంగు పోయిన మెట్టు దగ్గర గుండె మళ్ళీ దడదడలాడింది. ప్రేమానందం ఇనుపకమ్మీ పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. “ఇదిగో తండ్రీ, ఇదే ఆ మెట్టు. కింద తుప్పు పట్టిన పడవుంది సూడు, సరిగ్గా దానికి పైన. నాను ఇక్కడున్నాను.” తన గొంతులో పిన్నమ్మ గొంతు వినపడి ఫక్కుమన్నాడు. ఆ నవ్వుతో బిగిసిన ఊపిరి వదిలింది. భయం పోలేదు. కానీ చెయ్యి పై మెట్టు అందుకుంది, కాలు దాని వెనకే వెళ్ళింది.

పైన క్యాబిన్‌లో కూర్చుని చాలాసేపు నది వైపు చూశాడు. గుండె గుర్రం నెమ్మదించింది.

సాయంత్రం ఆ కబురు చెబుదామని జీవరత్నమ్మ ఇంటికి పరుగున వెళ్ళాడు. ఆవిడ కిటికీ దగ్గరుంది. సందు చివర నీలం తలుపింట్లో సన్యాసమ్మకి జ్వరమని, మంచినీళ్ళు తెచ్చే దిక్కు లేదని తెలుగులో చెప్పి, బెంగాలీలోకి దిగింది: “గొలీర్ శేషే, నీల్ దొర్జా, ప్రభూ...”

ఆమేన్ అన్నాక కబురు విని ఆవిడ అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. అప్పుడడిగాడు అతను, ఇన్నాళ్ళూ మనసులో నలుగుతున్నది.

“పిన్నమ్మా, సందులో అందరి పేర్లూ కిటికీ కాడ వినపడ్డాయి. నా పేరు ఒక్కనాడూ రాలేదేటి?”

“నీ సంగతి దేవుడికి మనసులో సెప్పుకునీదాన్ని నాయనా. రోజూ సెప్పాను.”

“దారి సెప్పకుండానేటి?”

“ఆయనకి దారెందుకురా? నువ్వెక్కడున్నా ఆయనకి తెల్దేటి?”

“మరి సన్యాసమ్మ ఇల్లు?”

“అదీ ఆయనకి తెలుసు. సందులో వోళ్ళకే తెల్దు. నీల్లు మోసీది, గంజి కాసీది వోళ్ళే కదా!”

ప్రేమానందం కిటికీలోంచి సందు వైపు చూశాడు.

“నీ బయం గురించి సందులో వోళ్ళు సేసీదేటుంది, నవ్వడం తప్ప? అందుకే కిటికీ కాడ సెప్పలేదు. సరేగాని నిలబడిపోయావేటి, ఆ బిందె తీసుకో.”

అతను బిందె భుజాన పెట్టుకుని గుమ్మం దిగాడు. వెనక కిటికీలోంచి గొంతు ఖంగున మోగింది.

“ప్రభువా, నీల్లకి మనిసి బయల్దేరాడు. ఇంక వేడి గంజి ఒక్కటే తరువాయి!”

ఎదురింట్లో ఎవరో గబగబా గిన్నెలు సర్దుతున్న చప్పుడు వినిపించింది.