మెడలో టక్కుమన్న చప్పుడు

పోయిన ఏడాది ఉగాది ముందు బుధవారం, సాయంత్రం అయిదు గంటలకు జరిగింది.

నా మొగుడు ఈరన్న ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. మెడ పట్టేసి కుడిచేతికి తిమ్మిర్లు వస్తుంటే ఆ పొద్దున ఆదోనికి తీసుకుపోయాను. ఫిజియోథెరపీ అమ్మాయి మెడ ఎముకలను వేళ్లతో మెల్లగా కదిలించి, "తాతా, మెడ మాత్రం ఎవరితోనూ విరిపించుకోవద్దు" అంది.

బస్సులో గొణుగుతూనే ఉన్నాడు. "టక్కుమనకుంటే అదేం వైద్యమే? పిల్లిని నిమిరినట్ల నిమిరి పంపించింది."

దిగగానే పండగ క్షవరానికి హనుమంతు షాపులో కూర్చున్నాడు. క్షవరం అయినాక మెడ విరవడం అక్కడ మామూలే.

"వద్దప్పా హనుమంతూ, ఆ పాప వద్దనింది" అన్నాను.

"నువ్వు నోరు మూస్కోవే! తిప్పప్పా నువ్వు" అన్నాడు ఈయన.

హనుమంతు తిప్పాడు. టక్కుమంది. "ఇదీ వైద్యమంటే" అని నవ్వబోతే నోరు పక్కకు పోయింది. కుడిచెయ్యి కుర్చీ మీంచి జారింది.

"నా చెయ్యి యాడుందే?" అని నన్నే అడిగాడు.

ఆ చెయ్యి ఇంకా రాలేదు. మగ్గం మీద సగం చీర అట్లే ఉంది. హనుమంతు ఇప్పుడు ఎవరి మెడా ముట్టడు. ముట్టడని జనం పక్క షాపుకు పోతున్నారు.

ఆ రోజు అక్కడ ఉన్నది ఈరన్న, హనుమంతు, గడ్డం గీయించుకోవడానికి వచ్చిన ఖాదర్, ముసలితనంలో నేర్చిన అక్షరాలతో ఇది రాస్తున్న లక్ష్మమ్మ అనే నేను.