ఖతర్నాక్ అనే మాట

మాచర్లలో నాది మోటార్ల వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లు విప్పి కొత్త రాగితీగ చుడతాను. షాపు వెనకే ఇల్లు. మా నాన్నదీ ఇదే పని. నా పదమూడో ఏట ఒక పొలంలో ఆయనకు కరెంటు కొట్టింది. ప్రాణం దక్కింది గానీ కుడిచెయ్యి మళ్ళీ లేవలేదు.

ఆ రోజు నుంచి అమ్మది ఒకటే మాట. "ఖతర్నాక్ పని బేటా, నీకొద్దు." మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ. ఖతర్నాక్ అంటే మాకు ప్రమాదం, అంతే. వేరే పని దొరక్క నేనూ ఇదే నేర్చుకున్నాను.

అప్పట్లో పని నచ్చితే రైతులు "భలే చేశావయ్యా" అనేవాళ్ళు. తర్వాత "ఫస్ట్ క్లాస్" వచ్చింది. ఆపైన అన్నిటికీ "సూపర్". ఖతర్నాక్ మాత్రం మా ఇంటి మాటగానే ఉండేది.

ఒకసారి దుర్గి దగ్గర మిరపతోటలో మోటారు బిగించాను. స్విచ్ వెయ్యగానే నీళ్ళు ఎగదన్నాయి. హైదరాబాదులో చదువుకునే రైతు కొడుకు నా వెనక నిలబడి "ఖతర్నాక్!" అని అరిచాడు. ఉలిక్కిపడి మెయిన్ ఆపేశాను.

"ఏందయ్యా, ఆపేశావు?" అన్నాడు రైతు.

"మీవాడు ప్రమాదమన్నాడుగా!"

కుర్రాడు పడీపడీ నవ్వాడు. "అయ్యో, అది కాదన్నా. చానా బాగుందని. మా హాస్టల్లో అందరూ అట్టాగే అంటారు."

నేనూ నవ్వాను. మళ్ళీ స్విచ్ వెయ్యడానికి మాత్రం చెయ్యి రాలేదు. రైతే వేశాడు.

ఏడాది తిరిగేసరికి ఆ మాట మా ఊరంతా పాకింది. బిర్యానీ ఖతర్నాక్, బండి ఖతర్నాక్, సిక్సర్ కొడితే ఖతర్నాక్. షాపులో ఎవరి నోటినుంచి వచ్చినా అమ్మ మోకాళ్ళ నొప్పులతోనే లోపలినుంచి పరిగెత్తుకొచ్చేది. "ఏం కాలేదమ్మీ, మెచ్చుకుంటున్నారు" అని చెప్పీ చెప్పీ అలిసిపోయాను. ఒకరోజు అరిచేశాను. "లోకమంతా మారింది, నువ్వొక్కదానివే మారవా?"

అమ్మ స్టూలు మీద కూలబడి ఊపిరి తీసుకుంది.

"మెచ్చుకోలని నాకూ తెలుసు బేటా. అదేలే అని నేను లోపల కూర్చున్న రోజే ఎవరన్నా నిజంగా అంటే? అప్పుడెట్టా తెలుస్తది?"

మర్నాటినుంచి వచ్చిన ప్రతివాణ్ణీ బతిమాలుకున్నాను, ఇక్కడ ఆ మాట వద్దు, బాగుందంటే చాలని. కొందరు ఎగతాళి చేశారు. చాలామంది విన్నారు. అమ్మ పోయేదాకా అట్లా అడుగుతూనే వచ్చాను.

ఇప్పుడు అడగడం మానేశాను. అడగాల్సిన పనీ లేదు. ఈ కాలం పిల్లలకు ఏది బాగున్నా "తోపు". ఖతర్నాక్ అనేది నా వయసువాళ్ళే. ఎవరేమన్నా తలూపుతాను. చూపు తగ్గింది, సన్నతీగ వేళ్ళతో తడుముకుంటే గానీ తెలియడం లేదు. సాయంత్రానికి నడుము పట్టేస్తుంది. బయట ఇంకో రెండు మోటార్లు దించి వెళ్ళారు.