రెండో రిసీవరు

వద్దని నొక్కేశాను. అవతలివాళ్ల మాటలు రికార్డు చేయమంటావా అని నా కొత్త ఫోను అడిగింది మరి! పక్కనే కూర్చున్న ఆడపడుచు, అదేంటి వదినా, మంచి సదుపాయమే కదా అని నవ్వింది. తనకేం తెలుసు? ఎస్టీడీ బూత్‌లో కూర్చున్నది నేను కదా.

ఎనిమిదితో చదువాపేసిన నన్ను మామయ్య మా దీవుల పట్నంలోని బతు బస్తీలో తన బూత్‌లో కూర్చోబెట్టాడు. ఇప్పట్లా జేబుకో ఫోను లేదు. పక్క దీవిలోని మనిషితో మాట్లాడాలన్నా మా గాజు గదిలోకి రావలసిందే. మామయ్యకు ఒక చేపల బోటు కూడా ఉండేది. దాన్ని నడిపే, రేవుకు అవతల హోప్ టౌన్‌లో ఉండే ఆయన నాకు బాబాయి వరస. ఆయన మాటిమాటికీ ఉత్తరపు దీవిలోని డిగ్లీపూర్‌లో ఉన్న తమ్ముడికి ఫోను చేస్తుంటే, ఇంకో బోటుకు పోతాడేమోనని మామయ్యకు అనుమానం. నా బల్ల మీద అదే లైనుకు ఇంకో ఫోను పెట్టించి, ఈసారి ఎత్తి వినమన్నాడు.

ఎత్తాను. చెప్పొద్దూ, సరదాగానే ఎత్తాను. రెండో రిసీవరు లేస్తే మొదటిదాంట్లో గొంతు తగ్గుతుందని నాకేం తెలుసు? బాబాయి గాజు తలుపు తీసి తల బయటపెట్టాడు.

"ఏటమ్మీ, గొంతు సన్నబడిపోనాది?"

"శాటిలైటు కదా బాబాయ్, మబ్బేసింది, మౌసమ్ బాగోలేదు," అన్నాను రిసీవరు ఒళ్లో దాచుకుని.

విన్నదల్లా మామయ్యకు చెప్పేశాను: పిన్నికి ఒంట్లో బాగోలేదని, ఆవిడ పుట్టిల్లు డిగ్లీపూరేనని, వచ్చే నెల అక్కడి బోటులో చేరతాడని. మామయ్య మరుసటి ట్రిప్పుకే బాబాయి బదులు ఇంకొకర్ని ఎక్కించాడు. అక్కడి పని ఇంకా మొదలవలేదు, ఇక్కడిది పోయింది, ఇంట్లో జబ్బుమనిషి. అయినా బోటు మామయ్యది, ఆయన ఇష్టం అనుకున్నాను నేను.

వారం తర్వాత లైను బాగుచేయడానికొచ్చిన టెలిఫోను భయ్యా ఆ రెండో ఫోను చూసి పని ఆపేశాడు.

"దీదీ, ఒకళ్ల మాటలు చాటుగా వినడం జుర్మ్. పోలీసోళ్లకే పైనించి రాసిచ్చిన హుకుం కావాల. నీకెవరిచ్చినారు?"

"మావయ్య చెప్పినాడు భయ్యా."

"మీ మావయ్యేటి, సర్కారా?"

ఆ మాటకు నవ్వబోయి ఆగిపోయాను. ఆ రెండో ఫోను వైరు భయ్యా తనే పీకేసి వెళ్లాడు. నేరమన్న మాట కన్నా, వినడానికి అంత పెద్దవాళ్ల సంతకం కావాలన్నదే నన్ను పట్టుకుంది. అంత విలువైనదాన్నా నేను మామయ్య చేతిలో పెట్టింది?

మర్నాడు పొద్దున్నే మొదటి ఫెర్రీలో హోప్ టౌన్ వెళ్లాను. బాబాయి వాకిట్లో వల బాగుచేసుకుంటున్నాడు. విన్నది నేనేనని చెప్పాను. చేతిలో ఉన్న ముడి బిగించాడు. తలెత్తి, "ఏటేటి విన్నావే?" అని మాత్రం అడిగాడు. తమ్ముడితో మాట్లాడుతూ ఆయన ఏడ్చిన సంగతి ఒక్కటి దాచి, మిగతాదంతా చెప్పాను.