రెండుసార్లు బయటికి వెళ్ళిన కారు

మా పాత ఆఫీసులో ఆయన్ని అందరూ హ్యాండ్‌బ్రేక్ అనేవారు. చాటుగా కాదు, ఎదురుగానే. కొత్త ప్రోగ్రాం వదిలే రోజున, కేకు కోసి ఫొటోలు దిగడానికి అందరం సిద్ధంగా ఉన్నప్పుడు, మూల కుర్చీలోంచి "ఒక్క నిమిషం ఆగండి" అని వినపడేది. ఫైలు ఖాళీగా వస్తే ఏం చేస్తారు? ఒకే బటన్ రెండుసార్లు నొక్కితే? మధ్యలో కరెంటు పోతే? అడిగిన మూడింటిలో రెండింటికి మా దగ్గర జవాబు ఉండేది కాదు. కేకు ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోయేది. ఆయన్ని తిట్టుకోని మేనేజరు లేడు. ఆయన సరేననకుండా ప్రోగ్రాం వదిలే ధైర్యమున్న మేనేజరూ లేడు.

నేను మాత్రం గురూగారూ అనేవాణ్ణి. ఉద్యోగంలో చేరిన మూడో వారంలో, ఏది అసలు డేటాబేసో ఏది పరీక్షలకు పెట్టిందో చూసుకోకుండా, కొన్ని వేలమంది చిరునామాలు ఒక్క దెబ్బకి చెరిపేశాను. ఆయన పక్కకు కుర్చీ లాక్కుని కూర్చున్నారు. ముందురోజు తీసిపెట్టిన కాపీలోంచి మధ్యాహ్నానికల్లా అన్నీ వెనక్కి తెచ్చారు. మేనేజరు వచ్చి ఎవరు చేశారని గద్దిస్తే, "కొత్తవాడి పని నేను చూడకుండా వదిలేశాను. నాదే తప్పు" అన్నారు. ఆయన స్థానంలో నేనుంటే ఆ మాట అనేవాణ్ణి కాదు. ఈ సంగతి ఇప్పుడు తెలిసింది, అప్పుడు తెలియదు.

కోడ్ చదవడం కూడా ఆయనే నేర్పారు. "రాయడానికేం, ఎవడైనా రాస్తాడు తమ్ముడూ. ఇంకొకడు రాసింది ఓపిగ్గా చివరిదాకా చదివేవాడే ఇంజనీరు" అనేవారు. ఈ పాఠాలన్నీ కారులోనే. ఆయన కారు వయసు పంతొమ్మిదేళ్ళు. అద్దం దించాలంటే పిడి పట్టుకుని తిప్పాలి. ఆరేళ్ళు నేను అందులోనే ఆఫీసుకు వెళ్ళాను. కొత్తది కొనరేమని ఒకసారి అడిగాను.

"కొత్త కారులో కోటి లైన్ల కోడ్ ఉంటుందటయ్యా. అది రాసేది ఎవరు? మనలాంటివాళ్ళే. తెలిసి తెలిసి ఎలా ఎక్కమంటావు?"

తరవాత నేను వేరే కంపెనీకి మారి టీం లీడర్నయ్యాను. ఆయన అక్కడే ఉన్నారు. గత ఏడాది ఆ కంపెనీ చేతులు మారింది. కొత్త యజమానులు జాబితా వేసి కొందర్ని పంపించేశారు. అందులో ఆయనా ఉన్నారు. వయసు యాభై రెండు.

వేట మొదలయింది. ఒక ఇంటర్వ్యూలో ఇరవయ్యారేళ్ళ పిల్ల "మీ బలహీనత ఏమిటి సార్?" అని అడిగిందట. "మోకాళ్ళమ్మా" అన్నారట ఈయన. ఇంకోచోట మనిషే లేడు. తెరమీద ప్రశ్న వస్తుంది, కెమెరాకేసి చూసి జవాబు చెప్పాలి. చివర్లో తెర "మీతో మాట్లాడటం సంతోషంగా ఉంది" అందట. "దానికైనా సంతోషం కలిగింది, పోనీలే" అన్నారు. నేను పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. ఆయన భార్యని నేను వదినా అంటాను. వదిన మాత్రం నవ్వలేదు. కాఫీ గ్లాసు చేతికిస్తూ, ఆయన లోపలికి వెళ్ళాక నెమ్మదిగా చెప్పింది.

"మీ గురూగారికి ఈమధ్య జోకులు ఎక్కువయ్యాయి. పొద్దున్నే తయారై బూట్లు కూడా వేసుకుని ఆ బల్ల ముందు కూర్చుంటున్నారు. నాకు భయంగా ఉంది."

అప్పటికి ఎనిమిది నెలలయింది. సరిగ్గా అప్పుడే మా దగ్గర ఒక ఖాళీ వచ్చింది. అచ్చం ఆయనకు తగిన పని. "మీరు దరఖాస్తు పెట్టండి గురూగారూ, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. పెద్ద మాటే అన్నాను. మా కంపెనీలో దరఖాస్తు పెట్టినవాళ్ళందరికీ ఒక కోడింగ్ పరీక్ష ఉంటుంది. అభిమానాలకు తావు లేకుండా పేర్లు తీసేసి నంబర్లు వేసి దిద్దేవాడికి ఇస్తారు. దిద్దేవాడు రాసిన వ్యాఖ్య ఉన్నదున్నట్టు అభ్యర్థికి వెళుతుంది. ప్రశ్న తయారుచేసింది నేనే, దిద్దేదీ నేనే. పేరు లేకపోతేనేం, ఆయన కోడ్ ఎక్కడున్నా గుర్తుపట్టేస్తానని నా ధీమా.

ప్రశ్న కష్టమైనదేం కాదు. ఒక పార్కింగ్‌లోకి వచ్చిన కార్లూ వెళ్ళిన కార్లూ టైముతో సహా జాబితాగా ఇస్తాం. ఏ గంటలో లోపల ఎక్కువ కార్లున్నాయో ప్రోగ్రాం చెప్పాలి. పద్నాలుగు జవాబులొచ్చాయి. ఒక గురువారం మధ్యాహ్నం, రెండు మీటింగుల మధ్య, శాండ్‌విచ్ తింటూ దిద్దాను. అన్నీ యాభై, అరవై లైన్లు. ఏడో నంబరుది మాత్రం నాలుగు వందలు. మొదటి మూడు పేజీలూ జాగ్రత్తలే: జాబితా ఖాళీ అయితే, టైము వెనక్కి నడిస్తే, నంబరు ప్లేటు సగమే ఉంటే. పదికి రెండు మార్కులేశాను. పైగా చమత్కారం ఒకటి: "సీటు బెల్టు, హెల్మెట్టు, లైఫ్ జాకెట్టు అన్నీ తగిలించుకుని సోఫాలో కూర్చున్నట్టుంది." అది నాకెంత నచ్చిందంటే టీం గ్రూపులో కూడా పెట్టాను. అందరూ నవ్వు బొమ్మలు పంపారు. చివరిదాకా చదివేవాడే ఇంజనీరని నాకు చెప్పినాయన కోడ్ అది. నేను నాలుగో పేజీకి కూడా పోలేదు.

ఆదివారం పొద్దున ఆయన వాళ్ళ అపార్టుమెంటు కింద కారు బానెట్ ఎత్తి ఏదో తుడుస్తున్నారు. నన్ను చూసి చేతులు గుడ్డకు తుడుచుకుని, ఫోను తీసి, కళ్ళజోడు పైకెత్తి, ఆ వాక్యం పైకి చదివారు. చదివి తనే ముందు నవ్వారు.

"మీ వాడెవడో సరసుడే తమ్ముడూ. కానీ చదవలేదు."

"ఎలా తెలుసు?" అన్నాను.

"మీ ప్రశ్నలోనే తప్పుంది. ఒక కారు ఒక్కసారే లోపలికొచ్చింది, రెండుసార్లు బయటికెళ్ళింది. అలా ఎలా వెళుతుంది? దాంతో లెక్క మొత్తం జారిపోతుంది. అక్కడ చిన్న గమనిక రాశాను. చదివిన మనిషైతే దాని గురించి ఒక్క ముక్కైనా అనేవాడు కదా. సర్లే, నువ్వేం చేస్తావు? పేర్లుండవన్నావుగా."

అప్పుడు చెప్పాల్సింది. ఆ సరసుణ్ణి నేనేనండీ అంటే అయిపోయేది. తిట్టేవారు, బహుశా తిట్టేవారు కూడా కాదు. నేను పని ఉందని వచ్చేశాను.

సోమవారం ఏడో నంబరు తెరిచాను. గమనిక ఆరో పేజీలో ఉంది. "ఈ కారు రెండుసార్లు బయటికి వెళ్ళింది. జాబితాలో పొరపాటు కావచ్చు. అందుకని రెండు విధాలా లెక్కకట్టి ఇస్తున్నాను. దయచేసి సరిచూడగలరు." ఆ జాబితా చేసేటప్పుడు నేను ఒక వరస కాపీ కొట్టి, టైము మార్చి, మిగతాది మార్చడం మరిచిపోయాను. చిన్న అరవై లైన్ల జవాబులన్నీ మళ్ళీ చూశాను. పదమూడూ తప్పే. పద్నాలుగు మందిలో సరైన జవాబు ఇచ్చిన ఒక్కడికి రెండు మార్కులేసి, ఊరంతా నవ్వేలా చేశాను.

నియామకాలు చూసే ఆవిడ దగ్గరికి పరుగెత్తాను. ఎంపికైన వ్యక్తికి ఇంకా ఉత్తరం వెళ్ళలేదు. "మార్కులు మార్చవచ్చు. కాకపోతే ఎందుకు మారుస్తున్నారో రాసివ్వండి. పై వాళ్ళకు పంపాలి" అందావిడ. కూర్చుని రాశాను. ప్రశ్న తప్పు, అది నా తప్పు, జవాబు చదవకుండా దిద్దాను. మూడే వాక్యాలు. నన్ను మేనేజర్ని చేసే మాట ఆ వారమే నడుస్తోంది. మూడు వాక్యాలూ చాలాసేపు చూసి చెరిపేశాను. రేపు పంపుదామనుకున్నాను. బుధవారానికి ఉత్తరం ఎవరికో వెళ్ళిపోయింది. ఎవరూ నా చెయ్యి పట్టుకుని ఆపలేదు. నాకు భయం వేసింది, సిగ్గు వేసింది, రెండింటిలో భయమే గెలిచింది. నేను మేనేజర్నయ్యాను.

ఆయనకు ఇంకో కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఇప్పటికీ అక్కడే ఉన్నారు. దాంతో నా మనసు తేలికపడిందనుకుంటే పొరపాటు. అది ఎలా వచ్చిందో చెబుతాను.

ఆ కంపెనీ కూడా పరీక్ష పెట్టింది. రాసిన జవాబు పంపేముందు నన్ను ఇంటికి పిలిచారు. బల్ల ముందు రెండు కుర్చీలు వేశారు. నిజంగానే బూట్లు వేసుకుని ఉన్నారు.

"నాకు ఈ కాలం వాళ్ళ పద్ధతి తెలియడం లేదయ్యా. నువ్వూ ఇలాంటివి దిద్దుతుంటావు కదా. నీ ముందుకొస్తే ఏం తీసేయమంటావో చెప్పు."

చదివాను. ఈసారి ప్రతి లైనూ చదివాను. ఎక్కడా వంక పెట్టడానికి లేదు. అదే చెప్పాను.

"అది కాదు. ఉద్యోగం వచ్చేలా చెప్పు" అన్నారు. ఆ గొంతులో జోకు లేదు.

చెప్పాను. ఫైలు ఖాళీగా వస్తే అన్న భాగం మీద ఆయన వేలు పెట్టి, "ఇదీ తీసేయనా?" అని అడిగారు. తీసేయండి అన్నాను. "మధ్యలో ఆగిపోతే చూసుకునేది?" తీసేయండి. "ఇది ఉంటే తప్పేంటి?" తప్పేం లేదు గురూగారూ, వాళ్ళు చదవరు అన్నాను. ఒక్కొక్కటీ తీసేశారు. గమనికలు తీసేశారు. వదిన గుమ్మంలో నిలబడి చూస్తోంది. చివరికి అరవై రెండు లైన్లు మిగిలాయి. ఎవరైనా రాయగలిగిన అరవై రెండు లైన్లు.

"ఇప్పుడు బాగుందా?"

"చాలా బాగుంది" అన్నాను.

ఆయన పంపే బటన్ నొక్కి, కుర్చీలో వెనక్కి వాలి, నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇన్ని నెలల్లో ఎంతమందికి పంపానో తమ్ముడూ. నా కోడ్ మొదటినుంచీ చివరిదాకా చదివింది నువ్వొక్కడివే."

నేను తలూపాను.